అడుగులు మీవి.. లెక్క అందరిదీ!

ఓ మంచి పని కోసం కన్యాకుమారి నుంచి కశ్మీర్‌ దాకా నడవాలి. దారిపొడవునా విరాళాలు సేకరించి ఆసుపత్రికో, అనాథ పిల్లల చదువుకో ఇవ్వాలి. వినడానికి బాగుంటుంది. కానీ డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగం వెతుక్కునే సమయంలో ఆర్నెల్లు రోడ్డు మీద గడపడం సరైన నిర్ణయమేనా? జనం ఇచ్చే డబ్బుకు ఎవరు బాధ్యులు? ఆ అనుభవం రేపు ఇంటర్వ్యూలో పనికొస్తుందా? బూట్లు కొనేముందే వీటికి జవాబులు సిద్ధం చేసుకోవాలి.

మన దేశంలో నడిచొచ్చేవాళ్లంటే ఓ గౌరవం ఉంది. కారులో వెళ్లేవాళ్లను పట్టించుకోని ఊరు కూడా, నడిచొచ్చినవాళ్లను ఆపి మంచినీళ్లిచ్చి ‘ఎక్కడి నుంచి బాబూ?’ అని అడుగుతుంది. ఉగాదికి శ్రీశైలం నడిచెళ్లే కన్నడ భక్తులకు దారిలోని మన ఊళ్లు అన్నం పెడతాయి. విరాళాల నడకకు ఈ నమ్మకమే పెట్టుబడి. దాన్ని వాడుకుంటున్నామంటే కాళ్ల బలం ఒక్కటే సరిపోదు. ప్లానింగ్‌ కావాలి, లెక్క కావాలి, ఇచ్చిన మాట చివరిదాకా నిలబెట్టుకునే ఓపిక కావాలి. ఈ మూడూ ఎందుకు ముఖ్యమో మన చరిత్రలోని నడకలే చెబుతాయి.

పోచంపల్లి నేర్పే పాఠం

నడిచి దానం అడగడంలో దేశం ఇప్పటికీ గుర్తుపెట్టుకున్న పేరు వినోబా భావే. ఆ ఉద్యమం పుట్టింది తెలంగాణలోనే. 1951 ఏప్రిల్లో హైదరాబాద్‌ దగ్గరి శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనం జరిగితే వినోబా వార్ధా ప్రాంతం నుంచి నడిచే వచ్చారు. సమ్మేళనం అయ్యాక, భూపోరాటంతో అట్టుడుకుతున్న తెలంగాణ పల్లెల్లోకి కాలినడకన బయలుదేరారు. ఏప్రిల్‌ 18న పోచంపల్లి చేరారు. అక్కడి దళిత కుటుంబాలు బతకడానికి 80 ఎకరాలు కావాలని అడిగాయి. గ్రామస్థుల్లో ఎవరైనా ఇవ్వగలరా అని వినోబా అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అలా మొదలైంది. 51 రోజులు, 200 గ్రామాలు తిరిగేసరికి తెలంగాణలోనే 12 వేల ఎకరాలకు పైగా దానంగా వచ్చింది. ఆ తర్వాత పదమూడేళ్ల పాటు ఆయన దేశమంతా నడిచారు. 1958లో రామన్‌ మెగసెసె పురస్కారం అందుకున్నారు.

ఇక్కడిదాకా పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. ఉద్యోగార్థులకు పనికొచ్చే పాఠం దీని తర్వాతది. 5 కోట్ల ఎకరాలు లక్ష్యంగా పెట్టుకుంటే, రికార్డుల్లోకి ఎక్కింది 40 లక్షల ఎకరాలకు పైచిలుకు. అందులోనూ పేదల చేతికి అందనిది చాలానే ఉంది. కొంత భూమి సాగుకు పనికిరాదు. కొంత కోర్టు వివాదాల్లో చిక్కుకుంది. కొన్నిచోట్ల దాతలో, వాళ్ల వారసులో మాట వెనక్కి తీసుకున్నారు. సభలో చేయెత్తి ‘ఇస్తా’ అనడం ఒక్క నిమిషం పని. సర్వే నంబరు తేల్చి, పత్రం రాయించి, లబ్ధిదారుడి పేరిట ఎక్కించడం ఏళ్ల తరబడి సాగే పని. ఆ రెండో పనికి తగినంతమంది మనుషులు లేకపోతే మొదటిదాని విలువ తగ్గిపోతుంది.

ఇవాళ్టి విరాళాల నడకలోనూ ఇదే జరుగుతుంది. ‘కిలోమీటరుకు రూపాయి ఇస్తాం’ అని 200 మంది మాటిచ్చారనుకుందాం. 3,650 కి.మీ. నడిస్తే ఒక్కొక్కరు రూ.3,650 చొప్పున మొత్తం రూ.7.3 లక్షలు రావాలి. నడక అయిపోయాక 60 మంది ఫోన్‌ ఎత్తకపోతే చేతికొచ్చేది రూ.5.11 లక్షలే. అప్పటికే మీరు ‘ఏడు లక్షలు సేకరించాం’ అని ప్రకటించి ఉంటే? ఆ డబ్బును నమ్ముకుని సంస్థ ఓ పిల్లాడి ఆపరేషన్‌కు తేదీ ఖాయం చేసి ఉంటే? మాటిచ్చిన మొత్తం, చేతికొచ్చిన మొత్తం.. ఈ రెండు అంకెల్ని మొదటిరోజు నుంచే వేర్వేరు వరుసల్లో రాయండి. బయటికి చెప్పేటప్పుడు రెండోదే చెప్పండి.

గాంధీజీ టీమ్‌లో ముందు నడిచింది విద్యార్థులే

1930 దండి యాత్ర విరాళాల కోసం చేసింది కాదు. కానీ ప్లానింగ్‌ నేర్చుకోవాలంటే అంతకు మించిన ఉదాహరణ దొరకదు. సబర్మతి నుంచి దండి 241 మైళ్లు, అంటే దాదాపు 385 కి.మీ. గాంధీజీ 60 ఏళ్ల వయసులో 24 రోజుల్లో పూర్తిచేశారు. సోమవారం విశ్రాంతి. యాత్ర కంటే ముందే గుజరాత్‌ విద్యాపీఠ్‌ విద్యార్థుల దళం ఒకటి గ్రామాలకు వెళ్లేది. బస, భోజనం ఏర్పాట్లు చూడటంతో పాటు ఊరి జనాభా, అక్కడి సమస్యల వివరాలు సేకరించేది. గాంధీజీ ఏ ఊళ్లో మాట్లాడినా ఆ ఊరి సంగతులు చెప్పగలిగారంటే ఈ కుర్రాళ్ల పని కూడా ఓ కారణం. ఇవాళ కంపెనీలు ఫీల్డ్‌ రీసెర్చ్‌, ఈవెంట్‌ మేనేజ్‌మెంట్‌ అని పిలిచే పనులు ఇవే.

ఖర్చు విషయంలోనూ ఆ యాత్ర ఓ పాఠం చెబుతుంది. మార్చి 29న భాట్‌గామ్‌ గ్రామంలో గాంధీజీ తన బృందాన్నే బహిరంగంగా తప్పుపట్టారు. సూరత్‌ నుంచి మోటారు లారీలో పాలు తెప్పించారని, రాత్రి నడకలో వెలుగు కోసం బరువైన దీపాన్ని ఓ కూలీ నెత్తిన మోయించి తొందరపెట్టారని బాధపడ్డారు. పేదల కోసం నడుస్తూ పేదవాడికి అందని సౌకర్యాలు వాడుకోవడం ఆయనకు నచ్చలేదు. ఆ మాట సభలో అందరి ముందూ అనడం వల్ల యాత్ర మీద నమ్మకం పెరిగిందే తప్ప తగ్గలేదు.

నిధుల కోసమే ఆయన చేసిన యాత్ర మరొకటి ఉంది. 1933 నవంబరులో వార్ధా నుంచి మొదలైన హరిజన యాత్ర. తొమ్మిది నెలల్లో దాదాపు 12,500 మైళ్లు తిరిగి సుమారు రూ.8 లక్షలు సేకరించారు. ఆ కాలానికి అది చాలా పెద్ద మొత్తం. ఆంధ్ర ప్రాంతంలోనూ ఆ యాత్ర సాగింది. సంతకం అడిగినవారి నుంచి 5 రూపాయలు వసూలు చేసేవారు, కానుకగా వచ్చిన వస్తువుల్ని అక్కడికక్కడే వేలం వేసేవారు. 1934 మేలో ఒడిశా చేరాక రైళ్లు, కార్లు మానేసి కాలినడకకు మారిపోయారు. వేగంగా తిరిగితే ఎక్కువ ఊళ్లు కవరవుతాయి, ఎక్కువ డబ్బు వస్తుంది. నెమ్మదిగా నడిస్తే జనంతో మాట్లాడే సమయం దొరుకుతుంది. మీ లక్ష్యం ఈ రెండింట్లో ఏదో ముందు తేల్చుకోవాలి.

కన్యాకుమారి నుంచి శ్రీనగర్‌.. కాగితం మీద

ఇప్పుడు మన సంగతి. దేశం పొడవునా నడవాలనుకునేవారు ఎక్కువగా చూసేది 44వ నంబరు జాతీయ రహదారి వైపే. మదురై, బెంగళూరు మీదుగా వచ్చి అనంతపురం, కర్నూలు, జడ్చర్ల, హైదరాబాద్‌, కామారెడ్డి, నిర్మల్‌, ఆదిలాబాద్‌ దాటి నాగపూర్‌, దిల్లీ, జమ్మూ వైపు సాగుతుంది. దూరం దాదాపు 3,650 కి.మీ. అనుకుందాం. రోజుకు 25 కి.మీ., వారానికి ఆరు రోజులు నడిస్తే వారానికి 150 కి.మీ. అంటే 24 వారాలకు పైనే. ఐదున్నర నెలలు.

కాలం చూసుకోవడం ముఖ్యం. నవంబరు మొదట్లో కన్యాకుమారిలో బయలుదేరితే జనవరి మొదట్లో హైదరాబాద్‌, నెలాఖరుకు నాగపూర్‌, మార్చి మూడోవారానికి దిల్లీ, ఏప్రిల్‌ నెలాఖరుకు శ్రీనగర్‌ చేరొచ్చు. దక్కన్‌ ఎండలు, కశ్మీర్‌ మంచు.. రెండూ చాలావరకు తప్పుతాయి. తమిళనాడులో ఈశాన్య రుతుపవనాల వానలు మాత్రం ఎదురవుతాయి. అదే ఫిబ్రవరిలో బయలుదేరితే మార్చి, ఏప్రిల్‌ నెలల్లో మన రాయలసీమ, తెలంగాణ రోడ్ల మీద ఉంటారు. అది సాహసం కాదు, వడదెబ్బను పిలిచి తెచ్చుకోవడమే.

శరీరాన్ని సిద్ధం చేయడానికి కనీసం మూడు నెలలు పెట్టుకోండి. వారానికి నాలుగు రోజులు 8-10 కి.మీ.తో మొదలుపెట్టి, నెమ్మదిగా వరుసగా మూడు రోజులు 20 కి.మీ. నడవగలిగే స్థాయికి రావాలి. ఒక్కరోజు 30 కి.మీ. ఎవరైనా నడుస్తారు. రెండోరోజు పొద్దున లేచి మళ్లీ నడవగలగడమే అసలు పరీక్ష. నడక నెమ్మదిగా సాగితే మోకాళ్లు నిలబడతాయి, తొందరపడితే మొదటి పది రోజుల్లోనే పాదాలకు బొబ్బలొచ్చి కూర్చోబెడతాయి.

దారిలో ఇవి మర్చిపోవద్దు:

• ఫుట్‌పాత్‌ లేనిచోట రోడ్డుకు కుడివైపు, ఎదురొచ్చే వాహనాలు కనిపించేలా నడవాలి. చీకట్లో మెరిసే జాకెట్‌ తప్పనిసరి.
• కొన్ని ఎక్స్‌ప్రెస్‌వేలపై, హైదరాబాద్‌ ఔటర్‌ రింగ్‌ రోడ్డుపై పాదచారులకు అనుమతి లేదు. జమ్మూ-శ్రీనగర్‌ దారిలో దాదాపు 9 కి.మీ. పొడవైన చెనానీ-నాష్రీ సొరంగం లాంటివి ఉన్నాయి. ప్రత్యామ్నాయ దారులు ముందే కనుక్కోవాలి.
• అత్యవసరానికి 112, జాతీయ రహదారులపై సాయానికి 1033 నంబర్లు ఫోన్లో ఉంచుకోవాలి. ప్రతి జిల్లాలో అడుగుపెట్టేముందు పోలీసులకు సమాచారమివ్వాలి.
• రాత్రి బస ఎక్కడో మధ్యాహ్నానికే ఖాయమైపోవాలి. బడి, సత్రం, గురుద్వారా.. ఏదైనా ముందే మాట్లాడుకోవాలి.

అమ్మాయిలకు ఇది కుదురుతుందా అని ఇంట్లో అడగడం సహజం. మహిళల భద్రత కోసం సృష్టి బక్షి 2018లో కన్యాకుమారి నుంచి మొదలుపెట్టి శ్రీనగర్‌ దాకా సుమారు 3,800 కి.మీ. నడిచారు. దారిలో వర్క్‌షాపులు నిర్వహించారు. అయితే ఆమె వెనక టీమ్‌ ఉంది, నెలల తరబడి చేసిన సన్నాహం ఉంది. ఇంట్లోవాళ్లను ఒప్పించాలంటే ఆవేశంగా వాదించే బదులు, ఏ రోజు ఎక్కడుంటారో రాసిన పట్టిక వాళ్ల ముందు పెట్టండి.

ఖర్చు ఎవరిది? విరాళం ఎవరిది?

ఎవరో ఒకరు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. ‘నువ్వు నడవడానికయ్యే ఖర్చే నేరుగా ఆ సంస్థకు ఇచ్చేయొచ్చు కదా?’ నొచ్చుకోవద్దు. సరైన ప్రశ్నే. ఓ ఉదాహరణ చూద్దాం. ముగ్గురి టీమ్‌. తిండి, బసకు మనిషికి రోజుకు రూ.500 చొప్పున రూ.1,500. తోడుగా వచ్చే బండికి, డీజిల్‌కు రూ.1,000. రోజుకు రూ.2,500 అనుకుంటే 170 రోజులకు రూ.4.25 లక్షలు. బూట్లు, మందులు, బీమా, తిరుగు ప్రయాణానికి ఇంకో రూ.50 వేలు. మొత్తం రూ.4.75 లక్షలు. మీరు సేకరించింది రూ.5 లక్షలైతే, ఆ ఖర్చు అందులోంచే తీస్తే, లబ్ధిదారుకు మిగిలేది రూ.25 వేలు!

అందుకే రెండు ఖాతాలు పెట్టుకోవాలి. నడక ఖర్చు మీ పొదుపు నుంచో, దాని కోసమే ఒప్పుకున్న స్పాన్సర్‌ నుంచో రావాలి. విరాళం మాత్రం దాత నుంచి నేరుగా సంస్థ బ్యాంకు ఖాతాకు వెళ్లాలి. మధ్యలో మీ ఫోన్‌పే, గూగుల్‌పే నంబరు ఉండకూడదు. ఇది నిజాయతీకి సంబంధించినదే కాదు, చట్టానికీ సంబంధించింది. బంధువులు కానివారి నుంచి ఏడాదిలో మీ సొంత ఖాతాలోకి కానుకగా వచ్చిన మొత్తం రూ.50 వేలు దాటితే పన్ను పరిధిలోకి రావచ్చు.

సంస్థను ఎంచుకునేటప్పుడు ఇవి సరిచూడండి:

• నీతి ఆయోగ్‌ వారి ఎన్‌జీవో దర్పణ్‌ పోర్టల్లో సంస్థ నమోదై ఉందా?
• 80జి గుర్తింపు ఉందా? పాత పన్ను విధానంలో ఉన్న దాతలకు దీంతో మినహాయింపు దొరుకుతుంది. కొత్త విధానంలో ఉన్నవారికి ఆ ప్రయోజనం లేదు. రూ.2 వేలకు మించి నగదుగా ఇస్తే ఎవరికీ మినహాయింపు రాదు. కాబట్టి దాతలకు తప్పుడు ఆశలు చెప్పొద్దు.
• గత రెండు, మూడేళ్ల ఆడిట్‌ నివేదికలు చూపిస్తున్నారా?
• మీ నడక డబ్బును ఏ పనికి, ఎప్పటిలోగా వాడతారో రాతపూర్వకంగా ఇస్తున్నారా?

అమెరికాలో ఉన్న బాబాయి వంద డాలర్లు పంపిస్తానంటారు. ఆయన దగ్గర ఇంకా భారత పాస్‌పోర్టే ఉండి, బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే మాత్రం, ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళం కిందికొస్తుంది. ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి ఉన్న సంస్థే, దిల్లీలోని ఎస్‌బీఐ ప్రధాన శాఖలో తెరిచిన నిర్దేశిత ఖాతా ద్వారానే తీసుకోవాలి. విదేశాల్లోని తెలుగువారిని అడిగేముందు సంస్థను ఈ విషయం తప్పక అడగండి.

ఇంకొక్క మాట. కాలు బెణికి సగం దారిలో ఆగిపోతే ఏంటి? కిలోమీటరు లెక్కన ఇస్తామన్నవాళ్లు ఎంత ఇవ్వాలి? స్పాన్సర్‌ డబ్బు మిగిలితే ఎవరికి? వీటికి జవాబులు ప్రచారపత్రంలోనే రాసేయండి. మధ్యలో ఆగిపోవడం తప్పేం కాదు. ఆగిపోయిన సంగతి దాయడం తప్పు.

రెజ్యూమెలో ఎలా రాయాలి?

‘దేశమంతా నడిచాను’ అన్న వాక్యానికి ఇంటర్వ్యూ బోర్డు ముచ్చటపడుతుంది, తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతుంది. వాళ్లకు కావాల్సింది మీ కాళ్లు చేసిన పని కాదు, మీ బుర్ర చేసిన పని. పరిస్థితి, మీ బాధ్యత, చేసిన పని, వచ్చిన ఫలితం.. ఈ వరుసలో చెప్పండి.

ఉదాహరణకు: ‘ముగ్గురి టీమ్‌కు 24 వారాల ప్రణాళిక వేశాను. బడ్జెట్‌ రూ.4.75 లక్షలు. రెండో నెలలో బండి పాడైతే బస చేసే ఊళ్లను మార్చి, రోజువారీ ఖర్చు తగ్గించాను. 200 మంది హామీ ఇస్తే 140 మంది నుంచి వసూలైంది. మిగిలినవారిని మూడుసార్లు గుర్తుచేశాం. పూర్తి లెక్క దాతలందరికీ పంపాం.’ ఇందులో 60 మంది ఇవ్వలేదన్న నిజం కూడా ఉంది. దాన్ని దాచకుండా చెప్పే అభ్యర్థి మీద నమ్మకం కలుగుతుంది. సంస్థ ఇచ్చిన లేఖ, ఖర్చుల పట్టిక, వారంవారం రాసిన నివేదికలు ఓ ఫోల్డర్లో పెట్టుకోండి. సేల్స్‌, ఆపరేషన్స్‌, హెచ్‌ఆర్‌, బ్యాంకింగ్‌.. ఏ రంగమైనా ఇవి మాట్లాడతాయి.

ఎవరు వాయిదా వేసుకుంటే మంచిది? చాలా కంపెనీల ఆఫ్‌ క్యాంపస్‌ ప్రకటనల్లో ఫలానా ఏడాది పాసైన బ్యాచ్‌కే అర్హత అని ఉంటుంది. ఆర్నెల్లు ఊరికి దూరంగా ఉంటే ఆ అవకాశాలు చేజారిపోవచ్చు. గ్రూప్స్‌, బ్యాంకు పరీక్షల తేదీలు దగ్గర్లో ఉన్నవారు, విద్యా రుణం వాయిదాలు మొదలవబోతున్నవారు, ఇంటికి తొలి జీతం అత్యవసరమైనవారు ఇప్పుడు బయలుదేరకపోతే ఎవరికీ ద్రోహం చేసినట్టు కాదు. ఉద్యోగం వచ్చాక నెలనెలా ఇచ్చే ఐదువందలు కూడా విరాళమే.

నచ్చితే ఇదే కెరియర్‌

నడక సన్నాహాల్లో పడ్డాక ‘ఈ పనే బాగుందే’ అనిపించిందా? దీనికి ఉద్యోగాలున్నాయి. కంపెనీల చట్టం-2013లోని 135వ సెక్షన్‌ ప్రకారం నికర విలువ రూ.500 కోట్లు, లేదా టర్నోవర్‌ రూ.1,000 కోట్లు, లేదా నికర లాభం రూ.5 కోట్లు దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుచేయాలి. ఆ డబ్బు ఎక్కడికెళ్లాలి, ఏం ఫలితమిచ్చిందో చూసేవాళ్లు కంపెనీల్లోనూ, స్వచ్ఛంద సంస్థల్లోనూ కావాలి. నిధుల సేకరణ, దాతలతో సంబంధాలు, ఫీల్డ్‌ సమన్వయం, ఫలితాల మదింపు, ప్రాజెక్టు అకౌంట్స్‌.. ఇవి ప్రధానమైన విభాగాలు. బీకాం చదివినవారికి అకౌంట్స్‌లో, జర్నలిజం వారికి దాతలకు నివేదికలు రాయడంలో, ఇంజినీర్లకు డేటా విభాగంలో చోటుంటుంది.

చదువు కొనసాగించాలనుకుంటే ఎంఎస్‌డబ్ల్యూ కోర్సులు ఉన్నాయి. టాటా ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ సోషల్‌ సైన్సెస్‌కు హైదరాబాద్‌లోనూ క్యాంపస్‌ ఉంది. ఆనంద్‌లోని ఇర్మా, బెంగళూరులోని అజీమ్‌ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం ఈ రంగానికి పేరున్నవి. చదువు కంటే ముందు పని చూడాలనుకునేవారికి ఎస్‌బీఐ యూత్‌ ఫర్‌ ఇండియా 13 నెలల ఫెలోషిప్‌, టీచ్‌ ఫర్‌ ఇండియా రెండేళ్ల ఫెలోషిప్‌ ఉన్నాయి. వీటిలో నెలనెలా భత్యం కూడా ఇస్తారు. సంపాదన ఆగకుండా సేవారంగాన్ని దగ్గరగా చూసే దారి ఇది.

చిన్న దూరంతో మొదలు

నేరుగా కశ్మీర్‌ అనకుండా, ముందు 100 కి.మీ. నడిచి చూడండి. హాంకాంగ్‌లో 1981లో గూర్ఖా సైనికుల శిక్షణగా మొదలైన ట్రెయిల్‌వాకర్‌ ఇలాంటిదే. నలుగురు కలిసి 100 కి.మీ. నడవాలి, విరాళాలు సేకరించాలి. మన దేశంలో బెంగళూరు, ముంబయి ప్రాంతాల్లోనూ దీన్ని 48 గంటల గడువుతో నిర్వహించారు. నలుగురూ కలిసి గమ్యం చేరడమే ఇందులో అసలు లక్ష్యం. ముందు నడిచేవాడు వెనకబడ్డవాడి కోసం ఆగడం నేర్చుకుంటాడు.

మీరూ స్నేహితులతో ఓ నాలుగు వారాంతాలు ఎంచుకోండి. వారానికి 25 కి.మీ. ఓ స్థానిక సంస్థ. రూ.20 వేల లక్ష్యం చాలు. హైదరాబాద్‌ వాళ్లయితే ఓ వారం భూదాన్‌ పోచంపల్లి వైపు దారి పట్టొచ్చు. విరాళం నేరుగా సంస్థ ఖాతాకు, ఖర్చు మీ జేబు నుంచి. నెలాఖరుకు ఒక్క పేజీలో లెక్క: ఎంతమంది మాటిచ్చారు, ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఆ డబ్బుతో ఏ పని జరిగింది. దాన్ని ప్రతి దాతకూ వాట్సప్‌లో పంపండి.

ఆ పేజీ రాయడానికి బద్ధకం అనిపిస్తే 3,650 కి.మీ. నడక మీ కోసం కాదు. రాశాక దాతల్లో సగంమంది ‘మళ్లీ ఎప్పుడు నడుస్తున్నారు?’ అని అడిగితే మాత్రం, తర్వాతి నవంబరుకు టికెట్‌ బుక్‌ చేసుకోవడం గురించి ఇంట్లో మాట్లాడొచ్చు.